వందో నంబరు మాత్ర

బాపట్ల స్టేషన్లో, సాయంత్రం వెలుతురులో, ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీపై కూర్చుని, చేతిలో సగం తిన్న బత్తాయి పెట్టుకుని, నేనొక మగమనిషిని పెళ్లి చేసుకుందామా అని అడిగాను. నాకప్పుడు నలభై నాలుగేళ్లు, ఆయనకు యాభై ఒకటి. అడిగే ముందు క్షణం దాకా ఆ ఆలోచన నా బుర్రలో ఉందని నాకే తెలియదు. అడిగేశాక మాత్రం, ఇంత తేలికైన పనిని జనం ఎందుకింత పెద్ద గొడవ చేస్తారో అర్థంకాక, మిగతా తొనలు ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటూ, కాళ్లాడిస్తూ జవాబు కోసం చూశాను.

ఆ రోజు నా ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మాది చీరాల నేత ఇల్లు. నాన్న మగ్గం మీద, అమ్మ రాట్నం దగ్గర, నేనూ తమ్ముడూ వాళ్లిద్దరి కాళ్లకీ అడ్డంగా. ఇప్పుడు మగ్గమూ లేదు, వాళ్లూ లేరు. నేను తెనాలిలో తమ్ముడింట్లో ఉంటూ చీరలమ్ముతాను. నాకు దుకాణం లేదు, దుకాణం నా భుజాన ఉంటుంది. సోమవారం రేపల్లె, గురువారం బాపట్ల. పెద్ద సంచిలో పాతిక చీరలు సర్దుకుని రైలెక్కి, ఆఫీసుల్లోనూ స్కూళ్లలోనూ ఆడవాళ్లు భోజనం డబ్బాలు మూసే వేళకి సరిగ్గా దిగుతాను. కడుపు నిండిన మనిషి చీరను కాదనడం కష్టం. ఇక పెళ్లెందుకు కాలేదంటారా, పెద్ద కథేమీ లేదు. మా వాళ్లు చూసినవాళ్లు నాకు నచ్చలేదు, నాకు నచ్చినవాళ్లు నన్ను చూడలేదు, ఈలోగా అడిగేవాళ్లు అడగడం మానేశారు.

బత్తాయికి రెండున్నరేళ్ల ముందు నేనొక మూటలా తయారయ్యాను. నడివేసవిలో దుప్పటి కప్పుకునేదాన్ని. తొమ్మిది గంటలు పడుకుని లేచి, అలసిపోయి మళ్లీ పడుకునేదాన్ని. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, దువ్వెన నిండా జుట్టే. అవన్నీ సరే, అసలు బాధ మనసుది. ఒకరోజు కొబ్బరి పచ్చడిలో ఉప్పెక్కువైందని అరగంట ఏడ్చాను. పచ్చడి చేసింది నేనే. చీరల సంచి విప్పితే రంగులన్నీ ఒక్కలాగే కనిపించేవి. కనకాంబరం రంగుకీ ఇటుకరంగుకీ తేడా చెప్పలేని చీరలావిడని ఎవరు నమ్ముతారు? సోమవారం పొద్దున లేవబుద్ధి కాక, కాలు నొప్పి అని తమ్ముడికి అబద్ధం చెప్పి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

చుట్టుపక్కల వాళ్లంతా తలో వైద్యం చెప్పారు. ఒంటరితనం అన్నారు కొందరు. మనసు గట్టి చేసుకోమన్నారు ఇంకొందరు. రేపల్లె రైల్లో ఎదురుగా కూర్చునే పెద్దావిడ నా ముఖం పరికించి చూసి, దిష్టి తగిలిందమ్మా అంది. ఆ ముఖానికి దిష్టి పెట్టేవాళ్లెవరా అని నవ్వుకునే ఓపిక కూడా నాకు లేదు. చివరికి నేనే ఒక నిర్ణయానికి వచ్చాను. నా మనసు నిజరూపం ఇదేననీ, ఇన్నాళ్లూ నవ్వుతూ తిరిగింది ఎవరో వేరే మనిషి అనీ గట్టిగా నమ్మాను.

మా మరదలు అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. చెయ్యి పట్టుకుని తెనాలిలోనే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నా కథంతా వినకముందే నా మెడ మీద వేళ్లు పెట్టి, మంచినీళ్లు మింగమంది, రక్తం ఇచ్చి రమ్మంది. రిపోర్టు చూసి, థైరాయిడ్ బాగా తక్కువగా ఉంది, టీఎస్‌హెచ్ అనే ఈ నంబరు చాలా ఎక్కువుంది అంది.

“తక్కువా ఎక్కువా అండి?” అన్నాను.

“రెండూనమ్మా. మెదడు కింద ఒక చిన్న గ్రంథి ఉంటుంది. అది గొంతులో ఉన్న గ్రంథిని పని చెయ్యమని కేకేస్తుంది. గొంతులోది నిద్రపోతుంటే పైదాని కేక పెద్దదవుతుంది. ఈ నంబరు ఆ కేకది. అందుకే నంబరు పెరిగిందంటే మీ ఒంట్లో అసలు సరుకు తగ్గిందని.”

“మరి నా ఏడుపు?”

“మెదడుకీ ఆ సరుకే కావాలి కదా. అది చాలకపోతే ఆలోచన మందగిస్తుంది, ఉత్సాహం పోతుంది, ఊరికే దుఃఖం వస్తుంది. మీకు వేరే దుఃఖాలు కూడా ఉంటే ఉండొచ్చు, కాదనను. ముందు దీని సంగతి చూద్దాం.”

రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర, యాభై నంబరుది. వేసుకున్నాక గంటదాకా కాఫీ తాగకూడదు. దుఃఖం కంటే ఆ గంట నరకం. అయినా చేశాను. రెండో నెల దాటాక ఒక పొద్దున పక్కింటి పోపు వాసనకి నాకు ఆకలేసింది. ఆకలి! గబగబా సంచి విప్పి చూశాను. కనకాంబరం కనకాంబరంలాగే ఉంది, ఇటుక ఇటుకలాగే ఉంది. సంతోషంతో పాటు నాకు కొంచెం అవమానం కూడా వేసింది. రెండేళ్లపాటు గోడవైపు తిరిగి జీవితం గురించి నేను ఆలోచించిన గొప్ప గొప్ప విషయాలన్నీ గొంతులో గ్రంథి బద్ధకం వల్లే వచ్చాయని తేలితే ఎవరికైనా చిన్నతనంగానే ఉంటుంది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఒక సోమవారం రేపల్లెలో ఉండగా మాత్రల సీసా ఖాళీ అయిందని గుర్తొచ్చింది. చీటీ ఇంట్లో ఉంది. స్టేషన్ రోడ్డులో ఒక మందుల షాపుకి వెళ్లాను.

“యాభై లేదక్కా. పాతికది ఉంది, వందది ఉంది. పాతికవైతే రెండేసి...” అని అతనేదో చెప్పబోయాడు.

“పాతికదా! వద్దు తమ్ముడూ, వందే ఇవ్వు.”

“వందేనా అక్కా? చీటీ ఉందా?”

“చీటీ ఇంట్లో ఉంది. నాకు తెలీదా ఏంటి? నంబర్లతోనే పుట్టిపెరిగాను.”

నేను చెప్పింది అక్షరాలా నిజం. నూలుకి నంబర్లుంటాయి. ఇరవయ్యో నంబరు నూలు ముతక, తువ్వాళ్లకి వాడతారు. నలభై లుంగీలకి. ఎనభై అంటే మంచి చీర. నూరంటే ఇంకా సన్నం, నూట ఇరవై అయితే కట్టుకున్నట్టే తెలియదు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, బరువు తగ్గుతుంది. మా ఇంట్లో ఉయ్యాలలో పిల్లకి కూడా ఇది తెలుసు. పైగా డాక్టరమ్మ కూడా నంబరు పెరిగితే సరుకు తగ్గినట్టు అని తన నోటితోనే చెప్పింది. ఇంకేం కావాలి? యాభై నంబరు మాత్రకి నాకప్పుడప్పుడూ కడుపులో మంటగా ఉండేది. సన్నది దొరికితే ఒంటికి హాయి అనుకున్నాను. పాతిక నంబరు మాత్రను తలుచుకుంటేనే తువ్వాలు మింగినట్టు అనిపించింది.

ఇంకో తెలివి కూడా చూపించాను. సన్నపోగు బలం చాలదు కాబట్టి మా వాళ్లు రెండు పోగులు జంట చేసి పురి వేస్తారు. షాపతను కూడా రెండేసి అని ఏదో అన్నాడు. అందుకని మర్నాటి నుంచి పరగడుపున వందో నంబరు మాత్రలు రెండేసి వేసుకోవడం మొదలుపెట్టాను. యాభైకి బదులు రోజుకి రెండొందలు మింగుతున్నానని తెలియక, మాత్ర బాగా సన్నగా వడికినట్టున్నారు అని మురిసిపోయాను.

మూడో వారానికి నా కాళ్లు నేలమీద నిలవడం మానేశాయి.

పొద్దున నాలుగింటికే మెలకువ వచ్చేసేది. లేచి అటక మీది సామానంతా దించేదాన్ని. అటక మీద ఏముందో చూడాలని కాదు, అటక అక్కడ ఉంది కాబట్టి. తమ్ముడు కళ్లు నులుముకుంటూ వచ్చి, “అక్కా, కోళ్లు కూడా ఇంకా లేవలేదే,” అంటే, కోళ్లకి బద్ధకమని చెప్పి నవ్వేదాన్ని. ఆరు ఇడ్లీలు తిని, ఏడోది వాడి పళ్లెంలోంచి తీసుకునేదాన్ని. అయినా జాకెట్లు వదులైపోతున్నాయి. నోరు మూతపడేది కాదు. ఒక మాట పూర్తికాకుండానే దాని నెత్తిన ఇంకో మాట ఎక్కేది. రేపల్లె ప్యాసింజర్లో ఎప్పుడూ కునికిపాట్లు పడే ఆడవాళ్లందరి చేతా పాటలు పాడించాను. దిష్టి పెద్దావిడ కూడా పాడింది, గొంతు బాగుంది.

చీరల సంగతి చెప్పనే అక్కర్లేదు. రేపల్లెలో ఒక రైసు మిల్లు ఆఫీసులోకి దారి తప్పి వెళ్లాను. అందులో ఉన్నది ముగ్గురూ మగవాళ్లు. ముగ్గురికీ చీరలమ్మి బయటపడ్డాను. వాళ్లలో ఒకతనికి పెళ్లి కాలేదు, అయినా కొన్నాడు. ఆ ఊపులో చీరాలకి ఫోన్ చేసి, ఒకటే రకం మామిడిపండు పసుపు చీరలు అరవై నేయించమన్నాను. లోకమంతా పసుపు కట్టుకుంటే ఎంత బాగుంటుందో ఆ పూట నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది.

అందరూ మెచ్చుకునే జబ్బు ఒకటుంటుందని నాకు అప్పుడే తెలిసింది. సన్నబడ్డావన్నారు, ముఖంలో కళ వచ్చిందన్నారు, ఏం వాడుతున్నావని ఇద్దరు ముగ్గురు చెవిలో అడిగారు కూడా. మరదలు ఒక్కతే నన్ను అదోలా చూసేది. చీర మడత పెడుతుంటే అంచుకి అంచు కలవడం లేదని ఆమె గమనించింది. నా చేతులు సన్నగా వణుకుతున్నాయి. గుండె కూడా ఉన్నట్టుండి పరుగెత్తేది, మెట్లెక్కకపోయినా. ఎందుకు పరుగెత్తదు, ఎన్ని పనులున్నాయి అనుకునేదాన్ని.

ఇక బత్తాయి రోజు దగ్గరికి వస్తున్నాను. ఆయన బాపట్ల వ్యవసాయ కళాశాలలో మట్టి పరీక్షలు చేస్తారు. రైతులు చిన్న సంచుల్లో పొలం మట్టి తెచ్చిస్తే, అందులో ఏది తక్కువైందో ఏది ఎక్కువైందో చూసి కాగితం మీద రాసిస్తారు. ఉండేది తెనాలిలోనే, రోజూ రైల్లో వెళ్లివస్తారు. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ఆరేళ్లుగా ప్రతి గురువారం సాయంత్రం మేమిద్దరం అదే బెంచీ మీద అదే బండి కోసం కూర్చునేవాళ్లం. ఆయన మాట్లాడేది తక్కువ. బండి ఆలస్యమైతే మూడు మాటలు, వేళకి వస్తే రెండు. వేరుశెనక్కాయలు కొంటే పొట్లం మధ్యలో పెట్టేవారు. రైల్లో పైనించి సంచి దించాల్సి వస్తే అడక్కుండానే లేచేవారు.

ఆ గురువారం నేను ఆయనకి నా పసుపు చీరల పథకం, కోళ్ల బద్ధకం, మిల్లు ఆఫీసు విజయం అన్నీ ఒక్క ఊపిరిలో చెబుతున్నాను. ఆయన వింటున్నారు. వినేటప్పుడు ఆయన తల కొంచెం పక్కకి వంచుతారు. ఆ వంపు చూశాను. అంతే.

“మనిద్దరం పెళ్లి చేసుకుంటే బాగుంటుంది కదండీ?” అన్నాను.

ఆయన చేతిలో టీ ఒలకలేదు. గ్లాసు నెమ్మదిగా కింద పెట్టారు. నా ముఖంలోకి కాదు, బత్తాయి పట్టుకున్న నా చేతులకేసి చూశారు.

“చేతులెందుకు వణుకుతున్నాయండి?”

“సంతోషమండి!”

“ఎన్నాళ్లనుంచి?”

“నెల దాటిందండి.”

“రక్తం పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారండి?”

నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లాడతావా అంటే రక్తం పరీక్ష అంటాడేంటీయన! ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా? అదే అడిగాను, ప్లాట్‌ఫారం మీద నలుగురూ తిరిగి చూసేంత గట్టిగా. ఆయన ఇబ్బంది పడ్డారు గానీ లేచి వెళ్లలేదు.

“యూరియా ఎక్కువేసిన వరిచేను చూశారా మీరు? నల్లగా నిగనిగలాడిపోతుంది. రైతు దాన్ని చూసి మురిసిపోతాడండి, ఊళ్లోవాళ్లు కూడా మెచ్చుకుంటారు. మేం మాత్రం భయపడతాం. చిన్న గాలికే పడిపోతుందది. మీరు ఈ నెల రోజులూ అలా ఉన్నారండి.”

“అంటే నా సంతోషం యూరియానా?”

“నాకు తెలీదండి. తెలీకుండా నేను అవుననీ అనను, కాదనీ అనను. పరీక్ష చేయించుకోండి. అంతా సరిగ్గా ఉందని రిపోర్టొచ్చిన రోజున, మీకు ఇంకా అడగాలనిపిస్తే, ఇదే మాట మళ్లీ అడగండి. నేనెక్కడికీ పోను.”

తెనాలి దాకా ఆయనతో మాట్లాడలేదు. ఆ నోటికి అదెంత కష్టమో ఊహించుకోండి.

మర్నాడు మరదలు నన్ను మళ్లీ డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టింది. ఈసారి రిపోర్టులో కేక నంబరు దాదాపు సున్నా. ఒంట్లో సరుకు పొంగిపొర్లుతుంటే మెదడు ఇక కేకెయ్యడం మానేసిందట. ఏం వేసుకుంటున్నారని అడిగితే సీసా తీసి చూపించాను. సన్నది కదా అని రెండేసి అన్నాను. నూలు లెక్క కూడా వివరించాను, ఆవిడకి తెలియదేమోనని.

డాక్టరమ్మ కాసేపు సీసాకేసి చూసింది, కాసేపు నాకేసి చూసింది. నవ్వొచ్చినట్టుంది, కానీ ఆపుకుని కోప్పడింది. “ఇది మందు బరువమ్మా! నంబరు పెరిగితే మందు పెరుగుతుంది. నాలుగింతలు మింగారు మీరు. గుండె లయ తప్పి ఎక్కడో రైల్లో పడిపోయి ఉంటే?” వెంటనే గుండె పరీక్ష చేయించింది. అదృష్టం, బాగానే ఉంది. కొన్నాళ్లు మాత్రలు పూర్తిగా ఆపి, తర్వాత మళ్లీ యాభైతో మొదలుపెట్టి, ఆరు వారాలకి రక్తం ఇవ్వమంది.

లేవబోతూ ఆగి అడిగాను. “అయితే ఈ సంతోషమంతా మాత్రదేనా అండి?”

“కొంత మాత్రది. ఎంతో నేను చెప్పలేను. మాత్ర గుండెని పరుగెత్తిస్తుంది, నిద్ర పోగొడుతుంది, జంకు తీసేస్తుంది. ఎవరిని చూసి నవ్వాలో అది చెప్పదు కదమ్మా.”

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను గానీ అది ఎక్కువసేపు నిలవలేదు. నాకు భయమేసింది. ఉత్సాహం పోతుందని కాదు. ఆయన మీద ఇష్టం కూడా ఆ సీసాలోదే అయితే? సీసా ఖాళీ అయితే అదీ ఖాళీ అయిపోతే? నలభై నాలుగేళ్లకి మొదటిసారి నాకొక మనిషి కావాలనిపించింది, అది ఒక తెల్ల బిళ్ల చేసిన పని అని తేలితే ఇక నా మనసు చెప్పే ఏ మాటనీ నమ్మలేను. పోనీ ఇష్టం నిజమే అనుకున్నా, ఆయన ముందు మళ్లీ నిలబడే ముఖమేది?

అందుకని గురువారాలు ముఖం చాటేశాను. బాపట్ల వెళ్లేదాన్ని గానీ, మధ్యాహ్నం బండికే తిరిగొచ్చేసేదాన్ని. ఇంట్లో కూర్చుని ఒక్కొక్కటీ దిగిపోవడం చూశాను. ముందు నాలుగింటి మెలకువ పోయింది. తర్వాత ఆరు ఇడ్లీలు నాలుగయ్యాయి. చేతుల వణుకు తగ్గి, అంచుకి అంచు కలవడం మొదలైంది. పాటలు పోయాయి. మిల్లు ఆఫీసు ముందునుంచి వెళ్లాల్సి వస్తే కొంగు తలమీదకి లాక్కుని పక్కదారి పట్టాను. అరవై పసుపు చీరల మూట దిగిన రోజున దాన్ని చూసి తల పట్టుకున్నాను. మూడే కదిలాయి. రెండు మా మరదలికీ, ఒకటి డాక్టరమ్మకీ, సిగ్గుతో ఇచ్చినవే.

ఒక సాయంత్రం చిక్కుళ్లు ఒలుస్తూ మరదలికి బత్తాయి సంగతి చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“ఇప్పుడు ఆయన గుర్తొస్తే ఎలా ఉంటోంది వదినా?”

“గుండె పరుగెత్తడం లేదు. ఊరికే... బండొచ్చిందో లేదో, ఎక్కాడో లేదో అనిపిస్తోంది. అదేం ఇష్టం చెప్పు? మాత్రతో పాటు పోయినట్టే ఉంది.”

ఆమె చిక్కుళ్లు పక్కన పెట్టింది. “ఒక మాట అడుగుతాను. మీరు గోడవైపు తిరిగి పడుకున్న రెండేళ్లూ సోమవారం రేపల్లె ఎన్నిసార్లు ఎగ్గొట్టారో నాకు గుర్తే లేదు. గురువారం ఒక్కటి మానారా? ఒళ్లు కాలిపోతున్నా సంచి భుజాన వేసుకుని వెళ్లారు. జడ కూడా నన్నే వెయ్యమనేవాళ్లు. నేను బాపట్లలో బేరాలు బాగుంటాయేమో అనుకున్నాను.”

బాపట్లలో బేరాలు ఎప్పుడూ అంతంతమాత్రమే.

నేను ఒలిచిన చిక్కుడుకాయనే మళ్లీ ఒలుస్తూ వెనక్కి లెక్క వేశాను. ఒంట్లో ఆ సరుకు అడుగంటినప్పుడు కనకాంబరం కనిపించలేదు, ఆకలి వెయ్యలేదు, నా మీద నాకే ఆశ లేదు. అయినా వారానికొకసారి ఎందుకో తెలియకుండానే లేచి జడ వేయించుకున్నాను. సరుకు పొంగిపొర్లినప్పుడు అదే మనిషిని పెళ్లికి అడిగాను. ఇప్పుడు సరుకు సరిపడా ఉంది, ఆయన బండెక్కాడో లేదో అని కూర్చున్నాను. నాకు ఆనందం పట్టలేక మరదలిని పట్టుకుని ఊపేశాను. చిక్కుళ్లు గదంతా దొర్లాయి. మాత్ర యాభై నంబరే, ఆ పొద్దున నేనే చూసి వేసుకున్నాను.

ఆరు వారాలకి రిపోర్టు వచ్చింది. ఆ గురువారం సాయంత్రం మా మామూలు బండికి గంట ముందే బెంచీ మీద కూర్చున్నాను. ఆయన వచ్చారు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, మధ్యలో వేరుశెనక్కాయల పొట్లానికి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. నేను కవరు ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, పొలం రిపోర్టు చూసినట్టే మొదటినుంచి చివరిదాకా చదివారు.

“బాగుందండి. అన్నీ ఉండాల్సినంతే ఉన్నాయి.”

మడత చెడకుండా కవర్లో పెట్టి తిరిగి ఇచ్చారు. ఇక అడగాల్సింది నేను. నోరు తెరిచాను. అప్పుడు కాళ్లాడిస్తూ బత్తాయి తింటూ అడిగేసిన మాట ఇప్పుడు గొంతు దాటనంటోంది. ఇష్టం నాదేగానీ ఆ ధైర్యం మాత్రం రెండొందల నంబరుది అని నాకు అప్పుడర్థమైంది. అవతలి ప్లాట్‌ఫారం మీద గూడ్సు బండి ఒకటి పెట్టెలన్నీ లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా వెళ్లింది. నేను కొంగు అంచు వేలికి చుట్టి విప్పాను, మళ్లీ చుట్టాను. ఇంకాసేపు ఇలాగే కూర్చుంటే మా బండి వచ్చేస్తుందని, ఎక్కేస్తామని, ఇక ఎప్పటికీ అడగలేనని తెలుస్తూనే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన తన చేతిసంచి తెరిచారు. వేరుశెనక్కాయలనుకున్నాను. ఒక కవరు తీసి మా మధ్యన పెట్టారు. అచ్చం నా దానిలాంటిదే.

“ఇదేంటండి?”

“నాదండి.”

“మీకేమైంది?”

ఆయన పట్టాలకేసి చూస్తూ చెప్పారు. ఆరేళ్లలో ఆయన ఒక్కసారిగా అంతసేపు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. “మీరు అడిగిన గురువారం నుంచి నాకు నిద్రలేదండి. గుండె దడ. అన్నం సయించట్లేదు. మీరు సాయంత్రం బండికి రావడం మానేశాక ఇంకా ఎక్కువైంది. మొన్న మట్టి తూకం వేస్తుంటే చెయ్యి వణికి సగం కింద పోసేశాను, ఎప్పుడూ అలా జరగలేదు. నాక్కూడా థైరాయిడేమోనని చేయించుకున్నానండి.”

“ఏమొచ్చింది?”

“నార్మలేనండి. ఏమీ లేదట.”

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, “అయితే మనం...” అని మొదలుపెట్టాను.

“సరేనండి,” అన్నారాయన, నన్ను పూర్తి చెయ్యనివ్వకుండా.